తొమ్మిదో పాట

రేడియో స్టేషన్లో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ జడ్జిగారనే పిలిచేవారు. ఏ పాట గాలిలోకి వెళ్ళాలో, ఏ పాట బీరువాలోనే మగ్గాలో తేల్చే ఉద్యోగం ఆమెది. కొత్త పాట వస్తే కళ్ళు మూసుకుని ఒక చరణం దాకా వినేది. నచ్చితే తలాడించేది. నచ్చకపోతే "పక్కన పెట్టండి" అనేది. ఇక దాని మీద అప్పీలు లేదు. డైరెక్టరుగారంతటివాడు ఒకసారి తన బావమరిది పాడిన పాట తెచ్చి, ఆమె బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆ మాటే అనిపించుకుని, కిమ్మనకుండా వెనక్కి పట్టుకుపోయాడు.

ఆమెకు గిట్టని పాటలు చాలానే ఉన్నాయి కానీ, కుర్రాళ్ళ బృందాల పాటలంటే మాత్రం ఒళ్ళు మంట. నలుగురైదుగురు ఒకే రంగు బట్టలు తొడుక్కుని, ఒకేసారి ఎడమకు తిరిగి, ఒకేసారి కుడికి తిరిగి, ఉన్న నాలుగు ముక్కలూ తలా ఒకటి పంచుకుని పాడటం ఏమిటి? "ఒక్కడు మోయలేనంత బరువేముంది ఆ పాటలో?" అనేది. కింద టీ గదిలో ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు.

అంతటి మనిషికి దొరికిన మరిది ఎవరో చూడండి. ఒకప్పుడు "మేమైదుగురం" అని ఒక బృందం ఊరూవాడా ఊపేసింది. ఆడపిల్లల పెన్సిలు డబ్బాల మీదా, దిండుగలీబుల మీదా, ఆఖరికి సబ్బుల మీద కూడా ఆ ఐదు మొహాలే. పోస్టర్లో ఎడమ నుంచి నాలుగోవాడు, అందరికన్నా పొడుగ్గా ఉండి, అందరికన్నా తక్కువ పాడి, అందరికన్నా ఎక్కువ గెంతినవాడు ఆమె మరిది. చెల్లెలు అతన్ని చేసుకుంటానని ఇంట్లో చెప్పిన రోజున అక్కగా ఆమె ఇచ్చిన సలహా ఒకటే: "పక్కన పెట్టవే." చెల్లెలు పెట్టలేదు.

అప్పటికే ఐదుగురిలో ఒకడు బృందం వదిలి వెళ్ళిపోయాడు. ఎప్పుడు చూసినా కింది పెదవి ముందుకు పెట్టుకుని అలిగినట్టు కనిపించేవాడు కాబట్టి అభిమానులు అతనికి బుంగమూతి అని ముద్దుపేరు పెట్టుకున్నారు. వాడు వెళ్ళిపోయాక కూడా మిగిలినవాళ్ళు పేరు మార్చుకోలేదు. నలుగురు నిలబడి "మేమైదుగురం" అని చేతులూపుతుంటే జడ్జిగారు టీవీ ముందు కూర్చుని, "పాట రాకపోతే పోయె, లెక్కలు కూడా రావన్నమాట" అని కడుపుబ్బ నవ్వింది. పక్కనే కూర్చున్న చెల్లెలు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బృందమూ చెదిరింది. మరిది కారు నడపడం నేర్పే బడి పెట్టుకున్నాడు. గోడలకు గుద్దేవాళ్ళనూ, బ్రేకనుకుని ఇంకోటి తొక్కేవాళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకుని రోజంతా తిరిగేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచేవాడు కాదు. మంచివాడే. జడ్జిగారు కూడా ఆ మాట ఒప్పుకునేది. కానీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ మధ్య వానలూ, టైర్లూ, మోకాళ్ళ నొప్పులూ తప్ప వేరే మాట వచ్చేది కాదు. అక్క మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే చెల్లెలు పాటల పెట్టె కట్టేసేది. అక్క లోపలికొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. చెల్లెలి సంసారం ఎంత ప్రశాంతంగా ఉందో అని జడ్జిగారు అనుకునేది.

ఇలా ఉండగా రేడియో స్టేషను కొత్త భవనంలోకి మారే పని పడింది. పాటల గదిలో నేల నుంచి కప్పు దాకా ఉన్న సీడీలన్నీ అక్కడికి మోసుకుపోవడం కుదరదు, అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి పోదామన్నారు. ఎక్కించే ముందు ప్రతిదీ మొదటి నుంచి చివరి దాకా వినాలి. ఎక్కడైనా గీత పడి ఎగురుతోందేమో చూడాలి. కుర్రకారు పాటల వరుస చూసే అమ్మాయి కాన్పు సెలవు మీద ఉంది. ఇంకెవరూ ముందుకు రాకపోయేసరికి జడ్జిగారే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది.

"పాపం, ఏ జన్మ పాపమో అనుభవిస్తున్నారు," అన్నాడు అనౌన్సరు తలుపులోంచి తొంగి చూసి. పొద్దుటి కార్యక్రమం చెప్పేవాడతను. ఆమె మీద జోకులేసే ధైర్యం ఆ భవనం మొత్తానికి అతనొక్కడికే ఉంది.

"నువ్వెళ్ళి వార్తలు చదువుకో నాయనా," అంది ఆమె.

వరుసలో ఒకచోట "మేమైదుగురం" మూడో ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద ఐదుగురూ తెల్ల చొక్కాల్లో, గాలికి జుట్టెగురుతూ, ఎవరికి వాళ్ళు వేరే వైపు చూస్తున్నారు. మరిది మొహం మీద వేలు పెట్టి ఆమె ఒకసారి నిట్టూర్చి సీడీ పెట్టింది. మొదటి పాట తెలిసిందే. ఆ రోజుల్లో ఏ వీధిలో నడిచినా కిటికీలోంచి అదే దూకేది. రెండోది దానికి కవల. మూడోదాంట్లో ఎవరో వానలో తడుస్తున్నారు. నాలుగోదాంట్లోనూ తడుస్తున్నారు. వీళ్ళకు ఎవరైనా ఒక గొడుగు కొనిపెట్టి ఉంటే సగం ఆల్బమ్ తప్పేది కదా అనుకుంటూ ఆమె పెన్సిలు చెక్కుకుంది. ఎనిమిదో పాట అయ్యేసరికి ఆవలింతలు వచ్చాయి.

తొమ్మిదో పాట మొదలైంది.

ముందు కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో తుడిచెయ్యడం మరచిపోయారనుకుంది. తర్వాత ఒక గిటారు, తొందర లేకుండా, కూని రాగం తీస్తున్నట్టు. ఆ వెంటనే ఒక గొంతు. ఆ గొంతు కాస్త బరువుగా ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తగిలి తెగుతోంది. పాట ఒక అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి. సామానంతా బండి ఎక్కించాక చివరగా ఒకసారి చూసి వద్దామని లోపలికొచ్చినవాడు పాడుతున్నాడు.

"బీరువా జరిపితే గోడ ఇంకా కొత్తగానే ఉంది,
మనం వచ్చిన రోజు రంగు దాని వెనక దాక్కుంది."

జడ్జిగారి చేతిలో పెన్సిలు ఆగింది. ఇప్పుడు దూకుతారు మిగతా నలుగురూ, అనుకుంది. చరణం అయింది, దూకలేదు. ఇదిగో ఇప్పుడు డ్రమ్ములు పడతాయి, పాడు చేస్తారు అనుకుంటూ పళ్ళ బిగువున కూర్చుంది. డ్రమ్ములూ పడలేదు. ఆ ఒక్క గొంతే గదులన్నీ తిరిగింది. వంటింట్లో కొళాయి మూసింది, కిటికీ గడియ పెట్టింది, తాళం చెవి ఎవరికివ్వాలో తెలియక గుమ్మంలో నిలబడింది. చివరి మాట పూర్తి కాకుండానే పాట ఆగిపోయింది. మళ్ళీ పల్లవి ఎత్తుకోలేదు.

ఆమె చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టింది. అట్ట తిరగేసి చూసింది. పొరపాటున వేరే సీడీ ఇందులో పెట్టారేమో అని బయటికి తీసి చూసింది. వాళ్ళదే. కింద వరుసలో తొమ్మిది అని అంకె, దాని పక్కన "ఖాళీ ఇల్లు" అని పేరు. రాసిందెవరో, పాడిందెవరో వెయ్యలేదు. అన్ని పాటలకూ కలిపి "మేమైదుగురం" అని ఒకే మాట.

ఇంకోసారి విన్నది. తనకేమైనా ఒంట్లో బాగాలేదేమో అనిపించి అనౌన్సరును పిలిచి, ఫోన్లు అతని చెవులకు తగిలించింది. అతను నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో నవ్వు మానేసి, చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరిదండీ ఇది?"

"ఎవరిదైతే నీకేం. ఎలా ఉందో చెప్పు."

"బాగుంది." చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ అన్నాడు. "చాలా బాగుంది. ఎవరిదండీ?"

ఆమె అట్ట చూపించింది. అతను అట్టనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "మరి ఇప్పుడు దీన్ని పక్కన పెట్టాలా?" అన్నాడు మెల్లగా.

"నోర్ముయ్," అంది జడ్జిగారు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ ఆమె లెక్కలు వేసుకుంది. మిగతా పాటలన్నిటిలో విడిగా వినబడే గొంతులు నాలుగు. ఒకటి తేనె పూసినట్టుండేది, ఒకటి ముక్కుతో పాడేది, ఒకటి పిచ్చి కేకలేసేది, ఇంకోటి ఆ బుంగమూతి కీచుగొంతు. ఈ పాటలో గొంతు ఆ నాలుగింటిలో ఏదీ కాదు. అంటే మిగిలింది ఒక్కడే. మాట్లాడే గొంతుకూ పాడే గొంతుకూ పోలిక ఉండాలని లేదు కదా. నడక దానంతటదే నెమ్మదించింది. ఇన్నేళ్ళుగా తన ఎదురుగా కూర్చుని, వానల గురించీ టైర్ల గురించీ మాట్లాడిన మనిషి! ఎప్పుడూ ఒక్కముక్క చెప్పుకోలేదే! గొప్పలు పోవడం ఎరగనివాడు కాబట్టి చెప్పి ఉండడు. తను అడగలేదు కాబట్టి కూడా చెప్పి ఉండడు. ఈ రెండో ఆలోచన చెప్పులో రాయిలా ఇంటిదాకా వెంట వచ్చింది.

సెలవు రోజున చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళింది. ఏం మాట్లాడాలో దారిలో కూర్చుకుంది. మరీ పొగడకూడదు, అలాగని పిసినారితనమూ చెయ్యకూడదు. పెద్దరికంగా, నిండుగా ఒక మాట అనాలి. భోజనాలయ్యాయి. చెల్లెలు పళ్ళేలు తీస్తోంది. మరిది టేబులు తుడుస్తున్నాడు.

"మరిదిగారూ, ఒకసారి కూర్చోండి," అంది. "మీ పాటొకటి విన్నాను."

చెల్లెలి చేతిలో పళ్ళేలు గలగలమన్నాయి. "అక్కా, ఇప్పుడెందుకే అవన్నీ," అంది.

"నువ్వాగు. తొమ్మిదో పాట. మూడో ఆల్బమ్‌లోది. నాకు..." అంటూ ఆమె తడబడింది. దారిలో కూర్చుకున్న మాట గుర్తు రాలేదు. "నాకు చాలా నచ్చింది. మీరింత బాగా పాడతారని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది."

మరిది గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "తొమ్మిదోదా? అసలు మా ఆల్బమ్‌లో తొమ్మిది దాకా ఉన్నాయా?"

"ఏమిటండీ ఆ మాట? మీరు పాడినదే కదా!"

"నిజం వదినా. మేం ఐదోది దాటి ఎప్పుడూ వినలేదు. అప్పటికే మా పాటలంటే మాకే మొహం మొత్తింది."

ఆమె ఫోన్లో ఆ పాట పెట్టి టేబులు మీద ఉంచింది. కుర్చీ జరిగింది. గిటారు వచ్చింది. గొంతు రాగానే మరిది మెల్లగా కూర్చున్నాడు. చెల్లెలు పళ్ళేలు దించి గోడకానుకుంది. పాట నడిచినంతసేపూ అతను ఫోను వైపు వంగి, చెవిలో ఎవరో రహస్యం చెబుతున్నట్టు విన్నాడు. అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"ఇది నేను కాదు వదినా," అన్నాడు. "ఇది మా బుంగమూతిగాడు."

జడ్జిగారు టేబులు మీదికి వంగింది. "వాడా? వాడిది కీచుగొంతు కదా!"

"అది సీడీల కంపెనీవాళ్ళు మిషన్లో వేసి తీసిన గొంతండీ. ఆడపిల్లలకు అలాగైతే నచ్చుతుందన్నారు. మామూలుగా వాడు మాట్లాడితే ఇలాగే ఉండేది. నేను విని ఎన్నేళ్ళయిందో!" అని మళ్ళీ ఫోను వైపు చూశాడు. "ఆ రోజుల్లో చివర్లో ఏదో ఒక పాటకు నా చేత చప్పట్లు కొట్టించారు. ఇందులోనేమో అని వింటున్నా. తీసేసినట్టున్నారు."

ముందు నవ్వింది చెల్లెలు. ఆపుకోలేక, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మరిదీ నవ్వాడు. జడ్జిగారికి మాత్రం ఆ నిండైన మాట ఎవరికి ఇవ్వాలో తెలియక చేతిలోనే మిగిలిపోయినట్టుంది.

నవ్వి నవ్వి చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆమె గొంతు మారింది. "బాగున్నదొక్కటి దొరికితే అది ఆయనది కాకుండా పోయింది చూశావా అక్కా! నాకు మాత్రం మొదటి నుంచీ ఆయన పాటలే ఇష్టం. అవి మంచివో కాదో నాకు తెలియదు. నువ్వొస్తున్నావంటే కట్టేస్తాను, నువ్వెళ్ళాక పెట్టుకుంటాను. నా ఇంట్లో నేనే దొంగలా!"

"నేనెప్పుడు కట్టెయ్యమన్నానే?" అంది అక్క.

"అనాలా? నీ మొహం చూస్తే చాలదూ?"

జడ్జిగారు లేచి వెళ్ళి చెల్లెలి పక్కన పళ్ళేలు కడగడానికి నిలబడింది. సబ్బు చేతికిచ్చింది, కడిగినవి అందుకుని తుడిచింది. కాసేపటికి చెల్లెలు మోచేత్తో ఆమెను చిన్నగా పొడిచి, "అలా మొహం వేలాడేసుకోకు. టీ పెడతాను," అంది. అక్కచెల్లెళ్ళ మధ్య అంతకన్నా పెద్ద రాజీలు అవసరం లేదు.

మర్నాడు పొద్దున ఆమె ఆ పాట గాలిలోకి పంపింది. ఎవరిదో చెప్పవద్దని అనౌన్సరుకు గట్టిగా చెప్పింది. పేరు వింటే సగం మంది రేడియో కట్టేస్తారు, ముందు విననీ అంది. పాట అయిందో లేదో ఫోన్లు మొదలయ్యాయి. బస్సు నడిపే ఒకావిడ, స్టాపులో దిగాల్సినవాళ్ళు పాట అయ్యేదాకా దిగలేదని చెప్పింది. ఒకతను "మేం నిన్ననే ఇల్లు మారామండీ," అని మాత్రం అని పెట్టేశాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, రోజూ ఏదో ఒక తప్పు పట్టుకోవడానికే ఫోను చేసేవాడు, ఆ రోజు మాత్రం పొంగిపోయాడు.

"పాడటమంటే అదీ! ఇప్పటి గెంతుడుగాళ్ళందరినీ కూర్చోబెట్టి వినిపించండి. ఎవరండీ ఆ మహానుభావుడు?"

"రేపు చెబుతామండీ," అన్నాడు అనౌన్సరు జడ్జిగారి వైపు కన్నుగీటి.

మర్నాడు చెప్పారు. వెంటనే మాస్టారి ఫోను. "ఇది మోసం! నన్ను మాయ చేసి మెచ్చుకునేలా చేశారు. నా మనవరాలు నన్ను చూసి పడీపడీ నవ్వుతోంది," అని నిప్పులు కక్కాడు. అనౌన్సరు క్షమించమన్నాడు. తర్వాత మాస్టారు గొంతు తగ్గించి, "సరే కానీ, మళ్ళీ ఎప్పుడు వేస్తారు?" అని అడిగాడు.

దాంతో తేనెతుట్టె కదిలినట్టయింది. మాకూ ఇలాంటిదొకటి ఉంది అంటూ ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. పరువు పోతుందని ఎవరికీ చెప్పుకోలేదు కానీ ఫలానా బృందం పాటల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి బంగారంలా ఉంటుంది, ఒకసారి వినండి అంటూ. వాళ్ళు చెప్పినవన్నీ జడ్జిగారు విన్నది. ఎక్కువ భాగం చెత్తే. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పింది కూడా. కానీ అక్కడొకటి, ఇక్కడొకటి నిజంగానే ఉన్నాయి. సముద్రపు ఒడ్డున సైకిలు పోగొట్టుకున్నవాడి పాట ఒకటి. మాటలేమీ లేకుండా ముగ్గురు కుర్రాళ్ళు ఈలలతో నడిపిన పాట ఒకటి. ఇవన్నీ ఆమె చెయ్యి ఎప్పుడూ వెళ్ళని వరుసలోనే, ఆమె కుర్చీ వెనకే ఉన్నాయి. డైరెక్టరుగారు వీటికోసం వారానికొక అరగంట కేటాయించాడు. కేటాయించి, ఆమె బల్ల దగ్గర ఆగి, "మా బావమరిది పాట కూడా..." అనబోయాడు. ఆమె తలెత్తి చూసింది. అతను వెళ్ళిపోయాడు.

మరిది మాత్రం ఆ రోజు నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడని చెల్లెలు ఫోను చేసి చెప్పింది. బండి తిప్పుతూ తిప్పుతూ ఆ పాటే పెట్టుకుంటున్నాడట. నేర్చుకునేవాళ్ళు కూడా మెత్తగా నడుపుతున్నారట. అలనాడు వీళ్ళ వ్యాను నడిపిన డ్రైవరును వెతికి పట్టుకుని, అతని దగ్గర బుంగమూతి ఎక్కడుంటున్నాడో కనుక్కున్నాడు. తీరా చూస్తే పక్క ఊళ్ళోనే కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుని ఉన్నాడు.

"మీరు పోట్లాడుకున్నారా?" అని జడ్జిగారు అడిగింది. ఈసారి మరిదే ఆమె ఇంటికి వచ్చాడు, మొదటిసారి ఒక్కడే.

"లేదండీ. వాడు వెళ్తానన్నాడు, వెళ్ళాడు. ఇవాళ మాట్లాడదాం, రేపు మాట్లాడదాం అనుకుంటూనే ఇన్నాళ్ళయింది. ఇప్పుడు వెళ్ళి ఏమని పలకరించను?"

"పాట బాగుందని చెప్పండి."

"మీరూ రండి వదినా. నేను చెబితే మొహమాటానికి అన్నాననుకుంటాడు. మీరు చెబితే నమ్ముతాడు."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. "పదండి," అంది. చెల్లెలు ఆ రోజు ఒంట్లో నలతగా ఉండి రాలేదు.

కొట్టు చిన్నది. మూడు గోడలా కళ్ళజోళ్ళు, వాటి మధ్య అద్దాలు. ఎక్కడ నిలబడినా మనకు మనమే నలుగురు కనిపిస్తాం. లోపల ఒక బట్టతల మనిషి కిందికి వంగి, సన్నటి స్క్రూడ్రైవరు పట్టుకుని, ఒక కళ్ళజోడు కాడ బిగిస్తున్నాడు. పనిలో మునిగి కింది పెదవి ముందుకు పెట్టాడు. జడ్జిగారికి ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

అతను తలెత్తాడు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకున్నారు.

"నీ జుట్టేదిరా?" అన్నాడు మరిది.

"నీ నడుమేదిరా?" అన్నాడు అతను.

అంతే. తర్వాత ఇద్దరూ కౌంటరుకు అటొకరు ఇటొకరు నిలబడే కౌగలించుకున్నారు. కళ్ళజోళ్ళ పెట్టె ఒకటి కింద పడింది, ఎవరూ తియ్యలేదు. చివరికి జడ్జిగారే వంగి తీసింది.

మరిది ఆమెను పరిచయం చేశాడు. పాట సంగతి ఎత్తాడు. ఎవరో కొత్తవాళ్ళు తన ముందే తనను పొగుడుతుంటే ఏం చెయ్యాలో తెలియక, అతను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్ష చెయ్యడం మొదలుపెట్టాడు. కళ్ళకు ఇనప చట్రం తగిలించి అద్దాలు మార్చాడు.

"ఇది బాగుందా? ఇది బాగుందా?"

"మొదటిది," అంది ఆమె. "చూడండి, నేను పాటల దగ్గర మొహమాటం ఎరగను. మీ తొమ్మిదో పాట లాంటిది నేను ఈ మధ్య వినలేదు. మాటకూ మాటకూ మధ్య మీరు ఊపిరి అలా తెంపడం ఉందే, అది ఎలా తోచింది మీకు?"

"తోచడమేంటండీ, జలుబు చేసింది," అన్నాడు అతను. "ఒక పాట చివరి నిమిషంలో తీసేశారు. ఖాళీ పూడ్చాలి, ఏదో ఒకటి పాడమన్నారు. ఆ వారమే నేనూ అమ్మా ఇల్లు మారాం. అదే పాడాను. జలుబు తగ్గాక ఇంకోసారి పాడతానంటే టైము లేదన్నారు. ఇది బాగుందా?"

"మసగ్గా ఉంది. మీ అమ్మగారు విన్నారా?"

"ఒక్కసారి విన్నది." అద్దం మారుస్తున్న చెయ్యి కాస్త ఆగింది. "విని, ఇందులో నీ స్నేహితులు ఎవరూ లేరేంట్రా, పోట్లాడుకున్నారా అని అడిగింది. బాగా రాలేదన్నమాట అనుకున్నాను. మళ్ళీ నేను వినలేదు."

జడ్జిగారు ముక్కు మీద చట్రం సర్దుకుంది. తల్లి అన్న మాట మీద ఎవరు తీర్పు చెబుతారు?

"మా పాటల్లో పాటంటే మొదటిదండీ," అన్నాడు అతను ఉత్సాహంగా. అదే, ఒకప్పుడు ప్రతి కిటికీలోంచీ దూకిన పాట. "దాన్ని మించింది లేదు. ఏమంటావురా?"

మరిది భయంగా వదిన వైపు చూశాడు. ఆమె కళ్ళకు ఇనప చట్రం ఉంది కాబట్టి మొహం ఏమంటోందో తెలియలేదు.

"అందులో ఏముందని?" అంది ఆమె, వీలైనంత మెత్తగా.

అతను ఆలోచించాడు. మళ్ళీ ఆ పెదవి ముందుకు వచ్చింది. "ఆ పాట పాడుతున్నప్పుడు ఒకచోట అందరం కలిసి వెనక్కి తిరుగుతామండీ. జనం కనిపించరు. పక్కన వీళ్ళ భుజాలు మాత్రం తెలుస్తాయి. నేనొకవేళ మాట మరచిపోయినా వీడు అందుకుంటాడు అని ధైర్యంగా ఉండేది. తొమ్మిదోదాంట్లో నేనొక్కణ్ణే కదా. మాట పోతే పోయినట్టే, అందుకునేవాడు లేడు."

ఆమె చట్రం తీసేసింది. "పెట్టండి ఆ మొదటి పాట," అంది. "వింటాను."

మరిది ఫోన్లో పెట్టాడు. చెవులు చిల్లులు పడేలా మొదలైంది. జడ్జిగారు కళ్ళు మూసుకుంది, రోజూ పనిలో మూసుకున్నట్టే. ఇన్నాళ్ళూ ఆ పాట కిటికీలోంచి చెవిన పడటమే కానీ, మొన్న స్టేషన్లో కూడా గీతల కోసం తప్ప పాటగా తను విన్నది లేదని అప్పుడే గ్రహించింది. మాటలు అధ్వాన్నం. డ్రమ్ములు తలుపులు బాదినట్టు. మధ్యలో ఒకచోట మాత్రం గోలంతా ఒక్కసారి తగ్గింది. ఐదు గొంతులూ ఒకదాని మీద ఒకటి మెల్లగా సర్దుకుని కూర్చున్నాయి, ఇరుకు బెంచీ మీద జరిగి చోటిచ్చుకున్నట్టు. కాసేపే. మళ్ళీ తలుపులు బాదారు. ఆమె కళ్ళు తెరిచేసరికి ఆ ఇద్దరూ కౌంటరు ముందు ఉన్న కాస్త జాగాలోనే ఎడమకు తిరుగుతున్నారు. నడుములు ఇదివరకటిలా తిరగడం లేదు కానీ పాదాలు మరచిపోలేదు. చుట్టూ అద్దాల్లో పది పన్నెండు మంది తిరుగుతున్నట్టుంది.

పాట ఆగింది. ఇద్దరూ ఆయాసపడుతూ ఆమె వైపు చూశారు.

"ఆ మధ్యలో ముక్క," అంది జడ్జిగారు. "అందరూ కలిసి మెల్లగా పాడింది. అది బాగుంది. మనస్ఫూర్తిగా అంటున్నాను."

"మిగతాది?" అన్నాడు మరిది.

"మిగతాది చెత్త."

వాళ్ళిద్దరూ పిల్లల్లా ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చి, "నా కళ్ళజోడు అయిందా బాబూ?" అంది. అతను చెమట తుడుచుకుంటూ స్క్రూడ్రైవరు కోసం వెతుక్కున్నాడు.

వచ్చే వారం భోజనానికి రావాలని మాట తీసుకుని బయటపడ్డారు. ఎండ తగ్గింది. కారు వీధి చివర పెట్టారు, అక్కడిదాకా నడవాలి. నడుస్తూ నడుస్తూ మరిది తనకు తెలియకుండానే ఆ ఖాళీ ఇంటి పాట అందుకున్నాడు. రెండో పాదంలో పైకి వెళ్ళాల్సిన చోట కిందికి వెళ్ళాడు.

"అక్కడ పైకండీ," అంది ఆమె. పాడి చూపించింది.

అతను మళ్ళీ అందుకుని, మళ్ళీ అక్కడే కిందికి జారాడు. ఆమె ఇంకోసారి నోరు తెరిచి, ఊరుకుంది. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, అతను పాడినట్టే, తప్పుగానే, వెనక మెల్లగా గొంతు కలిపింది.